డ్రమ్ములో పసుపు

సిద్ధుల గుట్ట నల్లరాళ్ల కింద, ఆర్మూరులో ఒక కుర్రాడు ఉండేవాడు. హైదరాబాదులో చదువు ముగించుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఎక్కడ రోడ్డు పడుతోందో, ఏ మోరీ పూడిపోయిందో, ఎవరింటి పిల్లకు కొలువు వచ్చిందో చెప్పేవాళ్లు లేరని అతని బాధ. చెప్పేవాళ్లు లేకేం, చాయ్ హోటళ్ల నిండా ఉన్నారు. కాకపోతే గల్ఫ్‌లో ఉన్న ఆర్మూరు బిడ్డలకు ఆ చాయ్ హోటల్ అందదు. అందుకని కుర్రాడు ఊరి ముచ్చట్లతో పాడ్‌కాస్ట్ పెట్టాలనుకున్నాడు.

జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో సంగతి అతను విన్నాడు. పల్లెల్లోని దళిత మహిళలు తమ యాసలోనే పంటలూ పండుగలూ మాట్లాడుకునే రేడియో అది. రేడియోకైతే టవరు కావాలి, ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. పాడ్‌కాస్ట్‌కు ఫోనూ మైకూ చాలు. కుర్రాడు మైకు కొన్నాడు. దాంతోపాటు రికార్డింగులోంచి రణగొణ ధ్వని తీసేసే సాఫ్ట్‌వేరు ఒకటి సంపాదించాడు. చిక్కంతా దాంతోనే వచ్చింది.

మొదటి ముచ్చటకు రోడ్డు పక్కన ఉంటూ బీడీలు చుట్టే ఒక తల్లి దగ్గరికి వెళ్లాడు. 44, 63 నంబరు జాతీయ రహదారులు కలిసే ఊరు కాబట్టి లారీలకు రాత్రీ పగలూ లేదు. దుమ్మంతా తునికాకు మీద పడుతోందని, గోడలు అదురుతున్నాయని, పిల్లలు బడికి రోడ్డు దాటి వెళ్తుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంటున్నానని ఆమె చెప్పుకుంది. లారీ వచ్చినప్పుడల్లా మాట ఆపింది, పోయాక మళ్లీ అందుకుంది. రెండుసార్లు ఎక్కడ ఆపిందో మరిచిపోయి నవ్వింది.

కుర్రాడు మూడు రాత్రులు కూర్చుని దాన్ని శుభ్రం చేశాడు. లారీలు పోయాయి. ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు పోయింది. ఆమె ఆగిన చోట్లూ నవ్విన చోట్లూ పోయాయి.

ఊరి పెద్దలు విన్నారు. గొంతు బాగుందని మెచ్చుకున్నారు. అంత ప్రశాంతమైన ఇంట్లో ఉంటూ ఆమెకు వచ్చిన కష్టమేమిటో మాత్రం వాళ్లకు అంతుపట్టలేదు, ఉత్త సణుగుడన్నారు. దుబాయిలో ఉన్న ఆమె కొడుకు విని, అమ్మ ఇల్లు మారిందేమోనని కంగారుగా ఫోన్ చేశాడు. ఆ తల్లి కుర్రాడితో మాట్లాడటం మానేసింది.

పసుపు తవ్వే కాలం వచ్చింది. కుర్రాడు మేనమామ చేనుకు సాయం వెళ్లాడు. ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టిన కొమ్ములను తోలు రాల్చి మెరుగుపెట్టే డ్రమ్ములో పోశారు. తిరుగుతున్న డ్రమ్ము దగ్గర కుర్రాణ్ణి కాపలా పెట్టారు. తిరిగేకొద్దీ కొమ్ములు నిగనిగలాడాయి. ఆ మెరుపు చూసి మురిసిపోయి అతను డ్రమ్మును తిరగనిచ్చాడు. మేనమామ పరుగున వచ్చి ఆపించాడు. తిట్టలేదు. డ్రమ్ము కింద కుప్పపడిన దుమ్మును రెండు దోసిళ్లలో ఎత్తి చూపాడు. అడుగున రాలింది తోలు, మట్టిరంగులో ఉంది. ఆ పైన రాలిందంతా పసుపే. తొమ్మిది నెలలు పెంచిన పంట, కాంటా ఎక్కకుండానే నేలపాలైంది.

కుర్రాడు ఆ రాత్రే ఇంటికొచ్చి, దాచి ఉంచిన పాత రికార్డింగును లారీలతో సహా వదిలాడు. నాలుగో లారీకి ఊరి పెద్దలు చెవులు మూసుకున్నారు. కొడుకు తన ఇంటిని గుర్తుపట్టాడు. లారీలు ఆ తర్వాత కూడా ఆగలేదు గానీ, ఆమెది ఉత్త సణుగుడని మాత్రం మళ్లీ ఎవరూ అనలేదు.

ఆ తల్లి గోడు సగం ఆమె మాటల్లో ఉంది, తక్కిన సగం లారీ మోతలో ఉంది. వినేవాళ్ల చెవికి ఇంపుగా ఉండాలని కుర్రాడు తీసేసింది ఆ రెండో సగాన్నే. ఊరి గొంతు వినిపించాలనుకునేవాళ్లు తోలేదో పసుపేదో ముందు పోల్చుకోవాలి. మట్టిరంగు దుమ్ము రాలినంతసేపు డ్రమ్ము తిప్పవచ్చు, పసుపుపచ్చది రాలడం మొదలైందంటే ఆపేయాలి.