చేప పైకొచ్చి నోరెందుకు తెరుస్తుంది?



బెజవాడలో ఇప్పుడు చాలా ఇళ్లలో చేపల తొట్టి కనిపిస్తోంది. వాస్తు ఆయన చెప్పాడని కొందరు, పిల్లలు మారాం చేశారని కొందరు పెడుతున్నారు. కొన్నాళ్లకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఆకలేమో అని పిల్లలు ఇంకాస్త మేత వేస్తారు. తెల్లారేసరికి ఒకటి వెల్లకిలా తేలుతుంది. అప్పుడు పెద్దవాళ్లు అనే మాట మీరూ వినే ఉంటారు: "మన ఇంటి కీడు అది తీసుకుపోయిందిలే."

కీడు కాదండీ, గాలి చాలక చచ్చింది.

గుడివాడ, కైకలూరు వైపు చెరువుల మీద కాపలా ఉండే ఏ మనిషినైనా అడగండి, చెప్తాడు. మనం పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. మన ఎండలకు కాగిన లీటరు నీళ్లలో మాత్రం గాలి నుంచి కరిగేది మహా అయితే 7, 8 మిల్లీగ్రాములు. మిగిలిపోయిన మేత కుళ్లితే అదీ దీన్నే తింటుంది. నీళ్లలో పచ్చటి నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున, అందులోనూ ముసురు పట్టిన రోజుల్లో, బొచ్చెలు, శీలావతులు పైకి తేలతాయి. గాలి తగిలే పైపొరలో ఉన్న కాస్త ప్రాణవాయువు కోసం వాటి పాట్లు. కాపలా మనిషి పరుగెత్తి ఏరియేటర్లు వేస్తాడు. పూజ చేయడు. (చెరువుల మీద కూలి చేసి బతికే మనవాళ్లను వేలెత్తి చూపడానికి నేనిది రాయడం లేదు.)

అలాగని పైకొచ్చిన ప్రతి చేపా బాధలో ఉన్నట్టు కాదు. కొరమీను, మట్టగిడస, తొట్లలో పెంచే ఫైటర్ చేప, వీటికి పైగాలి పీల్చడం పుట్టుకతో వచ్చిన పద్ధతి. పైకి రాకుండా అడ్డం పెడితే అవి నీళ్లలోనే ఊపిరాడక చస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే, కారణాలు వేరు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమని భగవానుడు చెప్పింది ఇందుకే.

రాజగృహంలో, వేణువనంలో, శివకుడనే పరివ్రాజకుడు ఆయన్ను ఒక ప్రశ్న అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లే అంటారు కదా, మీరేమంటారు అని. అలా అనేవాళ్లది పొరపాటు అన్నాడు బుద్ధుడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఇవన్నీ కలిసి రావడం, రుతువుల మార్పు, జాగ్రత్త లేకపోవడం, ఇతరుల దాడి, ఇలా వరుసగా చెప్పి చివర్లో కర్మఫలాన్ని ఎనిమిదోదిగా పెట్టాడు. సంయుత్త నికాయంలో ఉంది, చదవండి. తొట్టిలో చేపను చంపినవి ఆ వరుసలోవే: ఎండాకాలం, మన అజాగ్రత్త.

పైకి తేలుతుంటే మేత ఆపండి. మూడోవంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది, క్లోరిన్ తీసే మందు కలిపి పోయండి. గాలి పంపు రాత్రి కట్టేయకండి. చిన్న తొట్టిలో ఇరవై చేపలు కుక్కకండి.

ఇంతకీ నా గోడు చేప గురించి మాత్రమే కాదు. మూసి ఉన్న మురుగులోనూ జరిగేది ఇదే. కుళ్లు ప్రాణవాయువును తినేస్తుంది, పైగా విషవాయువు పుడుతుంది. అందులోకి మనిషిని దింపుతారు. అతను పైకి రాకపోతే "వాడి కర్మ" అంటారు. ఏ కులం వాళ్లను దింపుతారో మీకు చెప్పాలా? రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దింపుతూనే ఉన్నారు. మీ వీధిలో మూత తీసి ఎవరినైనా దింపబోతుంటే అక్కడే ఆపండి, పోలీసులకు చెప్పండి. లోపల ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగకుండా పట్టుకుని, వెంటనే 101కి ఫోన్ చేయండి.