హన్నా తీసికొనిపోయిన అంగీ

ధ్యానభాగము: 1 సమూయేలు 1, 2 అధ్యాయములు



కుమారుడు మత్తుమందులకు లోబడి, తల్లిమీద చెయ్యెత్తి, చచ్చిపోవుదునని బెదిరించుచున్నప్పుడు తలిదండ్రులు ఏమి చేయవలెను? అమెరికా దేశములో ఇట్టి పిల్లలను తమయొద్ద ఉంచుకొని బాగుచేయుదుమని చెప్పు సంస్థలు అనేకములు గలవు. వాటిలో కొన్ని సంఘముల పేరిటనే నడచుచున్నవి. అప్పుచేసి రుసుము కట్టు తలిదండ్రులున్నారు. కొన్ని యిండ్లలో, తలిదండ్రుల సమ్మతితోనే, కూలికి వచ్చిన మనుష్యులు తెల్లవారకముందు బాలుని నిద్రలేపి కారులో ఎక్కించుకొని పోవుదురు.

అక్కడ మేలు జరుగనే లేదని నేననను. బిడ్డ ప్రాణము దక్కెనని దేవుని స్తుతించువారును కలరు. నా మనస్సును కలవరపెట్టునది వేరొక సంగతి. అనేక స్థలములలో తలిదండ్రులకు ముందుగానే, "మీవాడు ఇంటికి రావలెనని అబద్ధములు చెప్పును, నమ్మవద్దు" అని బోధించిరి. ఉత్తరములు చదివిన తరువాతనే పంపిరి. ఫోనులో మాటలాడునప్పుడు ప్రక్కన ఒకరు కూర్చుండిరి.

చిక్కు ఎక్కడనగా, ఆ హెచ్చరిక పూర్తిగా తప్పు కాదు. పెట్టెలోని డబ్బు తీసి, తీయలేదని ముమ్మారు ఒట్టు పెట్టుకొన్న కుమారుడు "ఇక్కడ నన్ను కొట్టుచున్నారు" అని వ్రాసినయెడల ఏ తల్లి నమ్మగలదు? అయినను 2007లో ఆ దేశప్రభుత్వ తనిఖీ సంస్థ విచారించి, 1990 మొదలుకొని ఇట్టి చోట్ల హింస జరిగెనను ఆరోపణలు వేలకొలది యున్నవని తెలిపెను. పదిమంది పిల్లల మరణములను పరిశీలించెను. అబద్ధికుడైన బిడ్డ నిజము చెప్పినప్పుడు కూడ వాని ముఖము అట్లే యుండును గదా!

షిలోహు దేవుని మందిరమే. అయినను అక్కడ ఏలీ కుమారులు దుర్మార్గులై యుండిరి. హన్నా తన బిడ్డను అక్కడ విడిచెను గాని విడిచి ఊరకుండలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఎదుగుచున్న బిడ్డకు అంగీ కుట్టు తల్లి వాని భుజములు, చేతులు తడిమి చూడకుండునా? ఏలీ మంచివాడే. అయినను హన్నా కన్నీటి ప్రార్థనను చూచి ఆమె త్రాగియున్నదనుకొన్నవాడును అతడే. ఆమె దానిని మరచియుండదని నాకు తోచుచున్నది.

మిస్సోరీ రాష్ట్రములో మతసంస్థల గృహములు తాము ఉన్నట్లు ప్రభుత్వమునకు తెలుపనక్కరలేక చాలకాలము నడచెను. దేవుని పేరు పెట్టుకొన్నచోటును ఎవరు సోదా చేయుదురు? 2021లో చేసిన చట్టము వాటిని నమోదు చేసికొనుమనెను. తలిదండ్రులు వచ్చినప్పుడు బిడ్డను చూడనియ్యవలెననెను. ఇది విశ్వాసముమీద దాడి యని కొందరనిరి. నేనట్లు తలంచను.

మన యూళ్లనుండి హాస్టళ్లకు పోయిన పిల్లలును అనేకులు. క్రిస్మసుకు వచ్చినవాడు తిరిగి పోనని గుమ్మము పట్టుకొని యేడ్చినయెడల, ఆ బస్సును పోనిచ్చి, వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని సంగతి అడుగుడి.