ఎర్రదీపం ముందు 2 నిమిషాలు

ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే రైలు బండి ఆగాలి. పగలైతే 1 నిమిషం, రాత్రయితే 2. ఆ తర్వాత దారి చూసుకుంటూ నెమ్మదిగా కదలొచ్చు. సిగ్నల్ పాడై ఉంటుందని అనుకున్నాక కూడా ఈ చాదస్తమేంటి అనిపిస్తుంది. కానీ దీపం పాడైందా, ముందు బండి ఉందా అన్నది ఎర్రరంగు చెప్పదు కదా!

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య మెల్లగా పోతున్న పలాస పాసింజర్‌ను రాయగడ పాసింజర్ వెనకనుంచి గుద్దింది. 14 మంది పోయారు. పాడైన రెండు సిగ్నళ్ల దగ్గర రాయగడ బండి నడిపేవాళ్లు ఈ నియమం తప్పారని ప్రాథమిక విచారణ చెప్పింది. తప్పు లోకో పైలట్‌దేనంటే సరిపోతుందా? మాటిమాటికీ పాడయ్యే సిగ్నల్‌ను ఎవరు నమ్ముతారు? ఆ పైలట్ కూడా ఇంటికి రాలేదు.

ఆ దారిలో కొత్తవలస దాటాక చీకట్లో బండి ఊరికే ఆగితే, ఓసారి వాచీ చూసుకోండి.