వంటింటి అరబ్బీకి ఏ మెట్టు?

కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎందరో స్త్రీలు కువైట్, మస్కట్, దుబాయ్‌లకి ఇంటిపనికి వెళ్లారు, వెళ్తూనే ఉన్నారు. ఊళ్లో బడి మొహం చూడని మనిషి అక్కడ అరబ్బీలో పిల్లల్ని ఊరడిస్తుంది, ముసలమ్మకి మందు ఎప్పుడెయ్యాలో అడిగి తెలుసుకుంటుంది, రావలసిన జీతం అడుగుతుంది. తిరిగొచ్చాక జనాభా లెక్కల్లో మాత్రం ఆమె నిరక్షరాస్యురాలే.

భాష వచ్చినట్టు ఎవరు తేలుస్తారు? ఐరోపా మండలి 2001లో భాషాభ్యసనానికి ఒక ఉమ్మడి కొలమానం ప్రచురించింది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. ఆ భాషతో నువ్వేం చేయగలవని అది అడుగుతుంది. వినడం, మాట్లాడడం, రాయడం ఒకే మెట్టు మీద ఉండక్కర్లేదనీ, అరకొరగా వచ్చిన భాష కూడా ఆస్తేననీ ఒప్పుకుంటుంది. 2020 నాటి అనుబంధ సంపుటి, పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లలా మాట్లాడాలన్న ఆదర్శాన్ని కూడా పక్కన పెట్టేసింది. ఈ లెక్కన మన కోనసీమ అక్క మాటలో కొన్ని మెట్లెక్కింది, రాతలో మొదటి మెట్టు కింద ఉంది. ఈ రెండూ పక్కపక్కన రాసిన కాగితం చేతిలో ఉంటే జీతం మాట్లాడుకునేటప్పుడు ఆమెకి ఆసరా. కొలమానాలంటేనే అనుమానపడే మనం ఈ సంగతి మర్చిపోకూడదు.

అయితే ఎవరు నేర్చుకోవాలన్నది ఆ మెట్లు చెప్పవు. అక్కడి యజమానురాలికి తెలుగుతో పని లేదు. సదస్సుల్లో మనం మెచ్చుకునే బహుభాషా నైపుణ్యం చాలాసార్లు అధికారం లేనివాళ్ల నెత్తిన పడ్డ అదనపు చాకిరీ.

ఈ నేరం అరబ్బుల మీదకి నెట్టి ఊరుకోలేం. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాటే 'ప్రామాణిక తెలుగు' అయింది. తెలంగాణ, ఉత్తరాంధ్ర పిల్లలు పుస్తకాల్లో మన మాట నేర్చుకున్నారు. వాళ్ల మాట మన సినిమాల్లో నవ్వులాటయింది. డెల్టా దాటి చింతూరు వైపు వెళ్తే, కోయ పిల్ల చదువుకోవాలంటే తెలుగు రావాలి. 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినా, పెద్ద తరగతులకి వెళ్లేసరికి తెలుగూ ఇంగ్లీషే మిగిలాయి. సవర పిల్లలకి చదువు చెప్పాలనుకున్న గిడుగు రామమూర్తి ముందు తానే సవర నేర్చుకున్నాడు, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. నేర్చుకునే శ్రమ మొదట గురువుదని ఆయన చేసి చూపించాడు.

ఉమ్మడి కొలమానం మనకీ కావాలి. కోయ పిల్లకి తెలుగులో ఏ మెట్టు అని అడిగే ముందు, పంతులమ్మకి కోయలో ఏ మెట్టు అని అడిగే కాలమ్ అందులో ఉండాలి.