తొలి కాఫీ ఎవరి కోసం?

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న మనవరాలు మా ఇంట్లో ఉంది. మొన్న చలికాలంలో ఒకనాటి రాత్రి, పదకొండు గంటల వేళ, ఆమె పుస్తకాల ముందు కూర్చుని తూగుతూ ఉంటే, మా కోడలు గ్లాసు నిండా చిక్కటి కాఫీ కలిపి అందించి రమ్మని నా చేతికిచ్చింది. తీసుకువెళ్లి బల్ల మీద పెట్టాను. ఆ పిల్ల గ్లాసు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "తాతయ్యా, చిన్నప్పుడు ఏడ్చి అడిగినా కాఫీ ఇచ్చేవారు కారు. తాగితే నల్లబడిపోతావనేవారు. ఇప్పుడు అడక్కుండానే ఇస్తున్నారు. ఇప్పుడు నల్లబడనా?" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు.

పిల్లలకు ఏ వయస్సు నుంచి కాఫీ ఇవ్వవచ్చుననేది సాధారణంగా వైద్యుణ్ణి అడిగే ప్రశ్న. ఎన్నేళ్లకు, ఎన్ని గ్లాసులు, పాలు ఎంత అనే లెక్క ఆయన చెప్పగలడు. ఆ లెక్కకు అందనిది ఒకటి మా మనవరాలి మాటలో ఉంది. ఆరేళ్ల పిల్లకు వద్దన్న వస్తువును పదిహేడేళ్ల పిల్లకు మనమే తెచ్చి ఇస్తున్నామంటే, ఈ రెండింటి నడుమ మారినది ఆమె శరీరమా, మన అవసరమా? నాకు తోచినంతలో తొలి కాఫీ విషయంలో అడగవలసిన నైతిక ప్రశ్న వయస్సును గురించినది కాదు. ఆ గ్లాసు ఎవరి కోసం ఇస్తున్నాము, ఇచ్చేటప్పుడూ నిరాకరించేటప్పుడూ ఆ పిల్లకు ఏ కారణం చెబుతున్నాము అన్నదే ప్రశ్న.

కాఫీ మనకు అనాదిగా ఉన్నదేమీ కాదు. బాబా బుడాన్ అనే సూఫీ సాధువు పదిహేడో శతాబ్దంలో అరేబియా నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ఐతిహ్యం. పెద్ద తోటలు లేచింది పంతొమ్మిదో శతాబ్దంలో. దక్షిణాది మధ్యతరగతి ఇళ్లలో అది నిత్యకృత్యమైంది ఆ తరువాతి మాట. తమిళదేశంలో పొద్దున్నే తాగే చద్దినీళ్లను కాఫీ ఎలా తరిమివేసిందో, ఆనాటి పెద్దలు దాన్ని చూసి ఎంత కంగారుపడ్డారో చరిత్రకారుడు ఎ.ఆర్. వేంకటాచలపతి 2006లో వెలువడిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. మన ఇళ్లలోనూ కథ ఇంచుమించు అదే. నా బాల్యంలో పొద్దుటిపూట పిల్లలకు చద్దన్నం, పెరుగు, ఆవకాయ బద్ద; పెద్దలకు కాఫీ. వీథి అరుగు మీద తాతగారు కాఫీ చల్లార్చుకుంటూ ఉంటే ఆ సువాసన వంటింటి గడప దగ్గర చద్దన్నం తింటున్న మా దాకా వచ్చేది. మొదటి డికాషను తాతగారికీ, వచ్చిన పెద్దమనుషులకూ. రెండో డికాషను ఆడవాళ్లకు. ఆపైన ఫిల్టరులో మిగిలిన పొడి మీద మళ్లీ నీళ్లు పోసి తీసినది పనివాళ్లకు. ఏ డికాషను ఎవరికి వెళుతుందో చూస్తే ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోయేది. పిల్లలకు ఆ వరుసలో చోటే లేదు. అందుకే మాకు కాఫీ మీద కోరిక. దాని చేదు ఎవరికి కావాలి? ఆ వరుసలో ఎక్కడో ఒకచోట నిలబడటం కావాలి.

అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "నల్లబడతావు." కాఫీ గాని టీ గాని తాగితే ఒళ్లు నల్లబడుతుందని పిల్లలను బెదిరించని ఇల్లు మన వైపు అరుదు. ఇది అబద్ధమని చెప్పేవాళ్లకు తెలుసు. అయినా పిల్లల మేలు కోరి చెప్పిన చిన్న అబద్ధంలో దోషమేమిటని సరిపెట్టుకుంటారు. నిజానికి ఆ ఒక్క మాటలో రెండు అన్యాయాలున్నాయి. కారణం కల్పితం కావడం ఒకటి. రెండోది, నల్లగా ఉండటం ఒక శిక్ష అనే భావాన్ని, పిల్ల ఇంకా అక్షరాలు నేర్వకముందే, ఆమె మనసులో నాటడం. మా పక్కింట్లో నా ఈడువాడే ఒక పిల్లవాడుండేవాడు, చామనఛాయ కన్న ఒక పాలు ముదురు రంగు. మా నాయనమ్మ నాకు ఈ మాట చెబుతుండగా విని, "నేనెప్పుడూ కాఫీ తాగలేదే బామ్మగారూ!" అన్నాడు. ఆవిడ మంచిమనిషి, చాలా నొచ్చుకుంది, వాడికి బెల్లంముక్క పెట్టింది. మర్నాడు నేను మళ్లీ కాఫీ అడిగితే మళ్లీ ఆ మాటే చెప్పింది.

పిల్లలకు కారణాలు చెప్పాలా, అక్కరలేదా అన్నది తత్త్వవేత్తలు వాదించుకున్న విషయమే. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1693లో విద్యను గురించి రాస్తూ, పిల్లలకు మాటలు తెలిసిన నాటి నుంచీ వారిని బుద్ధి కలిగిన ప్రాణులుగానే ఎంచి, వారి వయస్సుకు తగిన కారణాలు చెప్పాలన్నాడు. 1762లో రూసో తన 'ఎమీల్'లో దీన్ని అపహసించాడు. పసివాడితో తర్కం చేస్తే వాడు వితండవాదం నేర్చుకుంటాడే తప్ప వివేకం నేర్చుకోడు. వద్దంటే వద్దే, ఆ మాట గోడ వలె నిలబడాలి, వాదనకు దిగకూడదు అన్నది ఆయన పక్షం. నాకు రూసో మాటలో కొంత సబబు కనిపిస్తుంది. ఆరేళ్ల పిల్లకు నాడీమండలాన్ని గురించి ఉపన్యాసమివ్వడం హాస్యాస్పదమే. కాని ఇక్కడ గమనించవలసిన విశేషం వేరు. ఇంతగా విభేదించిన ఈ ఇద్దరూ మన నాయనమ్మల పద్ధతిని మాత్రం ఒప్పుకోరు. బోధించేవాడు చెప్పిన అబద్ధం ఒక్కటి బయటపడినా అంతవరకూ ఇచ్చిన శిక్షణంతా వ్యర్థమవుతుందని హెచ్చరించినవాడు రూసోయే. లాక్ దారిలో నిజమైన కారణం చెప్పవచ్చు. రూసో దారిలో ఏ కారణమూ చెప్పకుండా కాదనవచ్చు. ఈ రెండింటి మధ్య దొంగకారణం చెప్పే దారి ఒకటి మనం వేసుకున్నాము.

దొంగకారణానికి ఉన్న చిక్కేమిటంటే, అది పట్టుబడుతుంది. పదేళ్లు వచ్చేసరికి పిల్ల తల్లిని చూస్తుంది, మేనత్తను చూస్తుంది. కాఫీ తాగేవాళ్లలో ఎర్రనివాళ్లున్నారు, తాగనివాళ్లలో నల్లనివాళ్లున్నారు. అప్పుడామె ఆ మాటను ఒక్క కాఫీ విషయంలోనే కొట్టివేసి ఊరుకోదు. రేపు మనం నిజంగా హాని చేసే దేన్ని గురించి చెప్పినా, ఇదీ ఆ నల్లబడే కథే కాబోలు అనుకుంటుంది. 1734 ప్రాంతంలో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో సంగీతకారుడు బాఖ్ కాఫీ మీద ఒక హాస్యగీతిక కూర్చాడు. అందులో తండ్రి కూతురి చేత కాఫీ మాన్పించాలని షికార్లు బందు చేస్తానంటాడు, కొత్త బట్టలు కొననంటాడు, ఆమె చలించదు. చివరకు పెళ్లి చేయనంటే మానేస్తానని ఒప్పుకుంటుంది. కాని తనను కాఫీ తాగనిస్తానని మాట ఇచ్చినవాణ్ణే పెళ్లాడతానని చాటుగా నిశ్చయించుకుంటుంది. తల్లి తాగుతుంది, అమ్మమ్మ తాగుతుంది, ఇక కూతుళ్లను తప్పుపట్టడమేమిటనే ధోరణిలో అందరూ కలిసి పాడటంతో అది ముగుస్తుంది. ఇల్లంతా తాగుతూ పిల్లను ఒక్కదాన్ని మానమంటే జరిగేది ఇదే. కాఫీ, టీలు శరీరానికి అవసరం లేదని గాంధీజీ రాసినప్పుడు ఆ మాట మరీ కఠినమనిపించవచ్చు. కాని ఇతరులకు వద్దన్నదాన్ని ఆయన ముందు తన కంచం దగ్గర వద్దన్నాడు. మనకు ఆ హక్కు లేదు. పొద్దున్న గ్లాసు అయిదు నిమిషాలు ఆలస్యమైతే నేనే ఇంట్లో అందరి మీదా విసుక్కుంటాను.

నిజమైన కారణాలు లేకనా అంటే, కావలసినన్ని ఉన్నాయి. 1819లో జర్మన్ రసాయనికుడు రుంగే కాఫీగింజల నుంచి కెఫీన్‌ను వేరుచేశాడు. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని, ఇక నిద్రపొమ్మని మనకు కబురు చేస్తుంది. కెఫీన్ వెళ్లి ఆ పదార్థం కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. దానివల్ల అలసట తీరదు. అలసిపోయామన్న కబురు మాత్రం అందదు. పిల్లలకూ యౌవనంలో అడుగుపెట్టేవారికీ రోజుకు శరీరపు బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఆందోళన అక్కరలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషను కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మన ఇళ్లలో పాలు, చికోరీ కలుస్తాయి గనుక అంత ఉండకపోవచ్చు. అయినా ఇరవై కిలోల పిల్లకు ఆ హద్దు 60 మిల్లీగ్రాములే గదా! కాఫీ, టీలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు గనుక భోజనానికి ఒక గంట ముందూ, ఒక గంట తరువాతా వాటిని తాగవద్దని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మంది రక్తహీనతతో ఉన్నట్టు తేలిన దేశం మనది. టిఫిను పళ్లెం పక్కనే పొగలు కక్కే గ్లాసు పెట్టే అలవాటు మనకున్నప్పుడు, ఇంత బలమైన కారణాన్ని వదిలి ఒంటి రంగు ఊసు ఎత్తవలసిన అగత్యం ఏమొచ్చింది?

ఇక పరీక్షల నాటి కాఫీ సంగతి. పదమూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులంటారు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి పెద్దలకే సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే రాత్రి పదకొండింటికి మేమిచ్చిన కాఫీ తెల్లవారుజామున నాలుగింటికి సగం మిగిలే ఉంటుంది. చదివినది మనసులో కుదురుకునేది నిద్రలో కాగా, ఆ నిద్రనే తీసివేసి పుస్తకం చేతికిస్తున్నాము. తెలియక చేస్తున్నామా? ప్రవేశపరీక్షలో ర్యాంకు, ఆ వెనుక సీటు, దాని వెనుక ఉద్యోగం, వీటి కోసం ఆ పిల్ల శరీరం నుంచి ఇంకో రెండు గంటల పని రాబట్టడానికి ఇస్తున్నాము. మా కోడలిది ప్రేమ కాదని నేను అనను. తనూ ఆమెతో పాటు మేలుకునే ఉంటుంది. కాని ప్రేమతో ఇచ్చినంత మాత్రాన పనిముట్టు పనిముట్టు కాకుండా పోదు.

ఈ మాట రాస్తుంటే ఎన్నడో చూసిన ఒక కుర్రవాడు గుర్తుకు వస్తున్నాడు. నేను పనిచేసిన ఒక కార్యాలయానికి పదకొండు గంటలయ్యేసరికి ఎదుటి హోటలు నుంచి పన్నెండేళ్లవాడు తీగస్టాండులో ఆరు కాఫీ గ్లాసులు పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చేవాడు. మాలో ఒకాయన ఒకనాడు దయతలచి, "నువ్వూ ఒకటి తాగరా" అంటే, "పొద్దున్న నాలుగింటికే తాగానండి, తాగకపోతే పొయ్యి దగ్గర నిద్ర ఆగదండి" అన్నాడు. తొమ్మిదో ఏట నుంచీ తాగుతున్నాడట. ఇంట్లో మా పిల్లలు కాఫీ ముట్టుకుంటే కోప్పడే మేమంతా వాడు తెచ్చిన కాఫీ తాగి, గ్లాసులు వాడికే ఇచ్చి, దస్త్రాలు ముందుకు లాక్కున్నాము. బాలకార్మికుల చట్టం 1986లో వచ్చినా, హోటళ్లలో, టీ దుకాణాల్లో, ఇళ్లలో పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనికి పెట్టుకోవడం నిషిద్ధమైంది 2006 అక్టోబరు 10 నుంచి మాత్రమే. వాడు అప్పటికే పెద్దవాడైపోయి ఉంటాడు. వాడికీ మా మనవరాలికీ పోలికేమిటని అడగవచ్చు. వాడిది ఆకలి, ఆమెది భవిష్యత్తు. వాడికి యజమాని ఇచ్చాడు, ఆమెకు తల్లి ఇచ్చింది. తేడా చాలా ఉంది, కాదనను. కాని ఇద్దరికీ కాఫీ ఇచ్చింది మరికొంత పని చేయించడానికే. నిద్ర వస్తోందని శరీరం చెబుతున్న మాటను పెద్దవాళ్లు వినదలచుకోలేదు.

దీనికి పూర్తిగా వేరైన తొలి కాఫీ కూడా ఒకటుంది. మా అమ్మమ్మ తన గ్లాసులో అడుగున మిగిలిన గుక్కెడు, నురుగూ పంచదారా కలిసి ఉన్నది, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టేది. అది నన్ను మేల్కొలపడానికి కాదు, నా చేత ఏమీ చేయించడానికి కాదు. తన పక్కన కూర్చున్నానని ఇచ్చింది, అంతే. వైద్యశాస్త్రం ప్రకారం అప్పటి నా వయస్సుకు ఆ గుక్కెడు అక్కరలేనిదే. ఆవిడ చేసినది తప్పని మాత్రం ఈనాటికీ అనలేను. అది కాఫీ వరుసలో నాకు దొరికిన మొదటి చోటు. పదహారో ఏడు వచ్చిన బిడ్డను మిత్రుడిగా చూడమన్నారు మన పూర్వులు; మిత్రుడికి కాఫీ ఇవ్వడం వేరు, ఎద్దుకు దాణా పెట్టడం వేరు.

ఆ రాత్రి మా మనవరాలి ప్రశ్నకు నేను కొంచెంసేపు ఆగి, నల్లబడతావన్నది అబద్ధమనీ, నాకూ అదే చెప్పారనీ, నల్లబడితే మాత్రం వచ్చే లోటేమీ లేదనీ చెప్పాను. కెఫీన్ సంగతి, నిద్ర సంగతి, ఇనుము సంగతి నాకు తెలిసినంత వివరించాను. అంతా విని, "మరి ఈ కాఫీ నాకెందుకు తెచ్చావు?" అంది. మీ అమ్మ ఇమ్మంటే తెచ్చానన్నాను. అది కూడా పూర్తి నిజం కాదని అనిపించి, నీకు ర్యాంకు వస్తే నలుగురికీ చెప్పుకోవాలని నాకూ ఉందన్నాను. ఆమె సగం తాగి తక్కినది నాకిచ్చింది. అప్పటినుంచి రాత్రి కాఫీ మానేసింది, పదిన్నరకు పడుకుంటోంది. పొద్దున్న టిఫిను తిన్న గంటకు, నాతో పాటు వరండాలో కూర్చుని, అరగ్లాసు తాగుతోంది. మా కోడలికి నా మీద కోపం ఇంకా పోలేదు. ఫలితాలు ఇంకా రాలేదు.