నలుపు నేరమా?

కర్నూలు, కడప సీమలో పెరిగినవానికి నలుపంటే మొదట నేల. ఎర్రమలకూ నల్లమలకూ నడుమ, కుందేరు వెంబడి నంద్యాల మీదుగా కడప దిక్కుకు సాగే నల్లరేగడి అది. వాన వెలిసినా చెమ్మ నిలుపుతుంది. ఆ చెమ్మ మీదనే చలికాలపు శనగ పండుతుంది.

ఆ నేల మీద పెరిగిన నేను తరగతిలో ‘బ్లాక్’ అనే ఇంగ్లీషు మాటకు ఉపయోగాలు చెబుతూ బ్లాక్ మార్కెట్, బ్లాక్ లిస్టు, బ్లాక్ మెయిల్ అని వరుసపెట్టాను. ‘ఒక్క మంచి అర్థమైనా లేదా సార్?’ అని ఒక విద్యార్థిని అడిగింది. ఉన్నది: వ్యాపారం లాభంలో ఉంటే నలుపులో ఉన్నదంటారు, నష్టంలో ఉంటే ఎరుపులో. ఖాతాపుస్తకపు సిరా రంగును బట్టి వచ్చిన వాడుక అది. నవ్వుకున్నాం గాని ప్రశ్న తీరలేదు.

నలుపును చెడుకు గుర్తు చేయడం వలసపాలనకు ముందే ఇంగ్లీషులో ఉన్నది. పాలకుని చేతిలో పడ్డాక ఆ గుర్తు గోడ అయింది. కడపను 1800లోను, కర్నూలును 1839లోను కలుపుకున్న కుంపిణీకి దక్షిణాదిన మద్రాసు రాజధాని. అక్కడ కోటలో ‘వైట్ టౌన్’, కోట వెలుపల మనవారి ‘బ్లాక్ టౌన్’. 1911లో దానికి జార్జిటౌన్ అని రాజుగారి పేరు పెట్టారు. పరపాలన మాత్రం మారలేదు. 1966లో అమెరికా నల్లజాతి యువకులు ‘బ్లాక్ పవర్’ అని నినదించినప్పటి సంగతి వేరు. వారు మాటను మార్చలేదు. ఆ మాటతోనే అధికారాన్ని అడిగారు.

మరి మనం? దొంగబజారు అనే చక్కని మాట ఉండగా నల్లబజారు అంటున్నాం. దొంగసొమ్మును నల్లధనం అంటున్నాం. ఇది అనువాద దోషం మాత్రమే కాదు. దొంగ అంటే ఎవడని అడుగుతాం, నలుపంటే అడగం. 2016 నవంబరు 8న నల్లధనం పేరిట 500, 1000 రూపాయల నోట్లు రద్దు చేశారు. వాటిలో 99.3 శాతం తిరిగి వచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకే చెప్పింది. నలుపును కాగితంలో వెదికారు; దోపిడి పొలంలో, కార్ఖానాలో, కాంట్రాక్టులో ఉన్నది.

అయితే తప్పంతా ఇంగ్లీషుదే అనడం ఆత్మవంచన. పెళ్లిచూపుల్లో ‘పిల్ల నలుపు’ అని కట్నం పెంచేది మనమే. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అని ఓదార్చేదీ మనమే. నల్లరేగడికి వెల కట్టేటప్పుడు కనిపించని దోషం, ఆ రేగడిలో ఎండకు మాడి కలుపు తీసే ఆడమనిషి ఒంటి మీద మనకు కనిపిస్తున్నది. మాటను మార్చినంతనే ఆమె కూలి పెరగదు, నిజమే. కాని దొంగను దొంగ అనలేని నోరు ఆమె కూలిని గురించి ఎవరిని నిలదీస్తుంది?