దూడ ఇచ్చిన మాట

2022 జూలై 22న దక్షిణ కొరియాలో న్యూజీన్స్ అనే ఐదుగురు అమ్మాయిల బృందం తొలి పాట ‘అటెన్షన్’ వీడియో విడుదలైంది. పాడేవాళ్ళెవరో, వాళ్ళ పేర్లేమిటో కంపెనీ ముందుగా చెప్పలేదు. ఆగస్టు 1న నాలుగు పాటల ఆల్బం వెలువడింది. ఆర్భాటం లేని, హాయిగా సాగే పాటలు. బృందంలో అందరికన్నా చిన్నదైన హేయిన్‌కు అప్పటికి 14 ఏళ్ళు.

ఆ వయసే నన్ను ఆలోచనలో పడేసింది. అక్కడ తొలి పాట వెనక కంపెనీతో చాలా ఏళ్ళ ఒప్పందం ఉంటుంది. 2009లో టీవీఎక్స్‌క్యూ బృందంలోని ముగ్గురు తమ 13 ఏళ్ళ ఒప్పందం మీద కోర్టుకెక్కారు. గడువు ఏడేళ్ళకు మించని నమూనా ఒప్పందాన్ని ప్రభుత్వ సంస్థ తెచ్చింది ఆ ఏడాదే. న్యూజీన్స్ అమ్మాయిలు 2024 నవంబరులో తమ కంపెనీ అడార్‌తో తెగతెంపులు ప్రకటించారు. ఒప్పందం చెల్లుతుందని 2025 అక్టోబరు 30న సియోల్ కోర్టు తీర్పు చెప్పింది. ఆనాటికీ హేయిన్‌కు 17 ఏళ్ళే. కొరియా చట్టం ప్రకారం 19 నిండితే గాని మేజరు కాదు.

చట్టం సంగతి కోర్టు తేల్చింది. ధర్మం సంగతి మిగిలే ఉంది. పసితనంలో ఇచ్చిన మాట మనిషిని ఎంతకాలం కట్టి ఉంచాలి?

ఆడిన మాట తప్పరాదని ఆవు-పులి కథ చెప్పి పిల్లల్ని పెంచినవాళ్ళం మనం. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఉన్న ఆ కథే కన్నడ నేల మీద పుణ్యకోటి పాటయింది. అయితే అందులో ఒక సంగతి మనం గమనించం. పులికి మాట ఇచ్చింది తల్లి ఆవు, దూడ కాదు. ప్రాణమంటే ఏమిటో, పోగొట్టుకునేదేమిటో ఆ తల్లికి తెలుసు. ఆ మాట విలువంతా ఆ తెలియడంలోనే ఉంది. పద్నాలుగేళ్ళ పిల్లకు పాటంటే ఇష్టమని తెలుస్తుంది. ఇరవయ్యో ఏట తనకేం కావాలో ఎలా తెలుస్తుంది? తల్లిదండ్రులు సమ్మతించవచ్చు, కాని ఖర్చయ్యే వయసు వాళ్ళది కాదు.

దీనికి ఎదురువాదం ఉంది, తోసెయ్యదగ్గదీ కాదు. సంగీతం, నాట్యం చిన్ననాడే పట్టుబడాలి. మన కూచిపూడి అయినా అంతే. పిల్లల మాటకు విలువే లేదంటే వాళ్ళకు నేర్పించడానికి డబ్బూ కాలమూ వెచ్చించేవాళ్ళెవరు? ఒకరు తప్పుకుంటే మిగిలిన నలుగురి గతేమిటి?

నిజమే. అందుకే ఆ మాట చెల్లదని నేననను. నేర్చుకోవడం వరకు దానికి విలువ ఉంది. తొలి పాట విడుదలైన రోజు నుంచి నేర్చుకోవడంతో పాటు అమ్మకమూ మొదలవుతుంది. అక్కడ పెద్దవాళ్ళ బాధ్యత పెరగాలి. మేజరైన నాడు ఆమెను కూర్చోబెట్టి మళ్ళీ అడగాలి. వద్దంటే పెట్టిన ఖర్చుకు లెక్క తేల్చుకోవచ్చు. మనిషిని మాత్రం పట్టి ఉంచకూడదు. గడువును ఏడేళ్ళకు కుదించగలిగిన దేశానికి ఈ ఒక్క షరతు చేర్చడం కష్టమేమీ కాదు.

మాట తప్పకపోవడం మాట ఇచ్చినవాడి ధర్మం. ఎవరి దగ్గర ఏ వయసులో మాట తీసుకోవచ్చో ఆలోచించుకోవడం తీసుకునేవాడి ధర్మం. మన కథల్లో మొదటిదాన్నే పిల్లలకు చెబుతూ వచ్చాం. రెండోది పెద్దలకు చెప్పవలసిన కథ.